అంగిట్లో స్క్రూ, ముక్కులో గాలి

పళ్ళకి క్లిప్పులు అంటే ఇప్పుడు పల్లెటూళ్ళలో కూడా తెలియనివాళ్ళు లేరు. కానీ అంగిట్లో ఓ స్క్రూ బిగించి, రోజూ చిన్న తాళంచెవితో పావు చుట్టు తిప్పుతూ పైదవడ ఎముకనే రెండుగా విడదీస్తారు అని చెప్పి చూడండి, "ఏంటి, లారీ జాకీయా?" అంటారు మనవాళ్ళు. నిజానికి వాళ్ళన్నది తప్పేం కాదు. మొదట్లో డాక్టర్లు కూడా దాన్ని జాక్‌స్క్రూ అనే పిలిచేవాళ్ళు.

ఈ జాకీకి నూట అరవై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. పుట్టగానే నవ్వులపాలైంది. తర్వాత కొన్నాళ్ళు వెలిగింది. ఆ పైన అమెరికాలో దాదాపు అందరూ మర్చిపోయారు. మళ్ళీ యూరప్ నుంచి తిరిగొచ్చింది. ఇప్పుడేమో వీడియోల పుణ్యమా అని ముఖానికి అందం, ముక్కుకి గాలి, రాత్రికి నిద్ర, అన్నీ ఒకే స్క్రూతో వస్తాయన్నట్టు ప్రచారం జరుగుతోంది. ఇందులో ఏది నిజం, ఏది సగం నిజం, ఏది ఉత్తిదే అని తేల్చుకోవాలంటే ఆ చరిత్ర తెలియాలి. ఈ టపా అందుకే.

నాకీ గొడవంతా ఎందుకంటే, మా అక్కావాళ్ళది గుండుగొలను. భీమడోలు పక్కన, కొల్లేరుకి ఉత్తరాన, హైవే మీద ఉంటుంది. వాళ్ళ తొమ్మిదేళ్ళ పిల్లాడు నోరు తెరుచుకుని పడుకుంటాడు, పెద్దవాళ్ళతో సమానంగా గురక పెడతాడు. పై పళ్ళు ఓ పక్క కింది పళ్ళకి లోపలగా పడుతున్నాయి. దగ్గర్లోని టౌన్లో ఒక పళ్ళ డాక్టరు చూసి, దవడ వెడల్పు చేయాలి, ముఖం తీరు మారుతుంది, గురక కూడా పోతుంది అన్నారు. మరొకరు అబ్బే అదంతా అనవసరం అన్నారు. "ఇద్దర్లో ఎవరు కరెక్టో కాస్త నెట్లో చూసి చెప్పవోయ్" అని బావగారు నామీద పడేశారు. ఇంట్లో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉంటే వాడికి కంప్యూటర్ రిపేరు దగ్గర్నుంచి దవడ రిపేరు దాకా అన్నీ వచ్చనుకోవడం మన జాతీయ నమ్మకం కదా!

ముందు కాస్త శరీర నిర్మాణం. అంగిలి ఒకే పలక అనుకుంటాం కానీ కాదు. కుడి ఎడమ ఎముకలు మధ్యలో ఒక అతుకు దగ్గర కలుస్తాయి. నాలుకతో పైన తడిమితే మధ్యలో సన్నగా గీతలా తగుల్తుంది చూడండి, దాని పైనే ఉంటుంది ఆ అతుకు. చిన్నప్పుడు అది మెత్తగా, ఇంకా పెరుగుతున్న స్థితిలో ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ రెండు రంపాల పళ్ళు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నట్టు బిగుసుకుపోతుంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. నోటికి పైకప్పు ఏదో ముక్కుకి నేల అదే. కింద వాటాకి స్లాబు, పై వాటాకి గచ్చు అన్నమాట. కాబట్టి అంగిలి వెడల్పు చేస్తే ముక్కు లోపలి గది కూడా ఎంతో కొంత వెడల్పు అవ్వాలి. మొత్తం కథంతా ఈ "ఎంతో కొంత" అన్న మాట చుట్టూనే తిరుగుతుంది.

1860కి వెళ్దాం. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యి అప్పటికి ఎనిమిదేళ్ళు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎమర్సన్ ఏంజెల్ అనే డాక్టరు దగ్గరికి పద్నాలుగేళ్ళు దాటిన ఒక అమ్మాయి వచ్చింది. పై దవడ ఇరుకు, పళ్ళకి చోటు లేదు. ఆయన రెండు పక్కల పళ్ళ మధ్య స్క్రూ బిగించి, తాళంచెవి ఆ అమ్మాయి చేతికే ఇచ్చి, తిప్పుకుంటూ ఉండమన్నాడు. రెండు వారాలకి దవడ వెడల్పయింది. ముందరి రెండు పళ్ళ మధ్య కొత్తగా సందు వచ్చింది. సందు వచ్చిందంటే పళ్ళు పక్కకి ఒరగడం కాదు, ఎముకలే విడిపోయాయి అని ఏంజెల్ వాదన. డెంటల్ కాస్మోస్ అనే పత్రికలో అచ్చు వేయించాడు.

ఎవరూ నమ్మలేదు. పత్రిక వాళ్ళే అనుమానం వెలిబుచ్చారు. ముఖంలోని మిగతా ఎముకలన్నిటితో బిగిసి ఉన్న పైదవడ ఒక చిన్న స్క్రూకి ఎలా విడిపోతుంది అన్నది వాళ్ళ ప్రశ్న. పాపం ఏంజెల్ దగ్గర సమాధానం చూపించే సాధనమే లేదు. రాంట్‌జెన్ ఎక్స్‌రేలు కనిపెట్టింది 1895లో. అంటే రుజువు చేసే యంత్రం రావడానికి ముప్పై అయిదేళ్ళ ముందే ఈయన ఫలితం చెప్పేశాడు. లాగ్ ఫైల్ లేకుండా బగ్ ఎక్కడుందో చెప్పినవాడి పరిస్థితి ఎలా ఉంటుందో మా వృత్తిలో వాళ్ళకి బాగా తెలుసు.

తర్వాత ముక్కు డాక్టర్లు రంగంలోకి దిగారు. అప్పటికే నోటితో గాలి పీల్చడం మీద పెద్ద చర్చ నడుస్తోంది. అమెరికా ఆదివాసుల బొమ్మలు గీసిన జార్జ్ కాట్లిన్ అనే చిత్రకారుడు 1860ల్లోనే నోరు మూసుకుని ముక్కుతో గాలి పీల్చమని ఒక పుస్తకమే రాశాడు. 1868లో డెన్మార్క్ డాక్టరు విల్హెల్మ్ మేయర్ ముక్కు వెనకాల పెరిగే కండ గురించి, అంటే ఎడినాయిడ్స్ గురించి వివరించాడు. ఆ కండ పెరిగిన పిల్లల్లో తెరిచిన నోరు, సాగిన ముఖం, ఇరుకైన అంగిలి కనబడతాయని గమనించి, ఆ రూపానికి ఎడినాయిడ్ ముఖం అని పేరు పెట్టేశారు. ముక్కు మూసుకుపోతే దవడ ఇరుకవుతుంది కాబట్టి దవడ వెడల్పు చేస్తే ముక్కు తెరుచుకుంటుంది అన్న ఆలోచన అప్పటిదే. వినడానికి ఎంత బాగుందో చూడండి. కానీ మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది దానంతటదే నిజమైపోదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఈ పద్ధతి పక్కకి పోయింది. ఎడ్వర్డ్ ఏంగిల్ (ఏంజెల్ వేరు, ఈయన వేరు, కంగారు పడకండి) అప్పటికి ఆ శాస్త్రానికి పెద్దదిక్కు. పళ్ళు ఒకదానికొకటి ఎలా అమరాలో వర్గీకరించినాయన. తీగలతో పళ్ళు జరిపితే చాలు, ఎముక దానికి తగ్గట్టు అదే పెరుగుతుంది అన్నది అప్పటి నమ్మకం. అటు ముక్కు డాక్టర్లకి తమ సొంత ఆపరేషన్లు వచ్చాయి. స్క్రూతో ఎవరికీ పనిలేకపోయింది.

యూరప్‌లో మాత్రం కొందరు వదల్లేదు. జర్మనీకి చెందిన కార్క్‌హౌస్ 1950ల మధ్యలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి తన రోగుల ఫలితాలు చూపించాడు. అక్కడి విద్యార్థి ఆండ్రూ హాస్‌కి అది తలకెక్కింది. ముందు పందుల మీద ప్రయోగం చేశాడు, అతుకు విడిపోయింది. తర్వాత మనుషులకి వేశాడు. ఏంజెల్ వ్యాసం వచ్చిన సరిగ్గా నూట ఒక్క ఏడాదికి, 1961లో, హాస్ వ్యాసం అచ్చయింది. ఈసారి ఎక్స్‌రేలున్నాయి. అతుకు విడిపోయిన నల్లటి సందు స్పష్టంగా కనబడుతోంది. ముక్కు గది వెడల్పవడం కూడా కొలిచి చూపించాడు. 1968లో బీడర్‌మన్ అంగిలికి అంటుకునే ప్లాస్టిక్ ముక్క లేకుండా తీగలు, స్క్రూ మాత్రమే ఉండే రకం తెచ్చాడు. శుభ్రం చేసుకోవడం తేలిక. హైరాక్స్ పేరుతో ఇప్పటికీ వాడుతున్నది ఈ రకమే.

ఇంతకీ అది పనిచేసే తీరు చెబుతాను. మన కాలవల మీద లాకుల దగ్గర షట్టర్లు చూసే ఉంటారు. లస్కరు చక్రం తిప్పుతుంటే స్క్రూ గేరు మీద అంత బరువైన షట్టరు అంగుళం అంగుళం లేస్తుంది. తిప్పే చేతికి శ్రమ తక్కువ, అవతల పుట్టే బలం ఎక్కువ. ఇదీ అంతే. మామూలు స్క్రూలో పావు చుట్టుకి పావు మిల్లీమీటరు. రోజుకి రెండుసార్లు తిప్పితే అర మిల్లీమీటరు. రెండు వారాల్లో ఏడెనిమిది మిల్లీమీటర్లు. 1964లో ఐజాక్సన్ బృందం ఈ బలాన్ని కొలిచింది. ఒక్కో తిప్పుకి సుమారు 3 నుంచి 10 పౌన్లు పుడుతుందట. మామూలు క్లిప్పులు పన్నుని జరపడానికి వాడే బలం ఔన్సుల్లో ఉంటుంది. తేడా అక్కడే ఉంది. పన్ను నెమ్మదిగా జరిగేలోపే ఎముక అతుకు విడిపోవాలి, అదీ ఎత్తుగడ.

విడిపోయినప్పుడు ముందరి పళ్ళ మధ్య సందు వస్తుంది. ఇది చూసి తల్లులు హడలిపోతారు. నిజానికి అది పని జరుగుతోందనడానికి గుర్తు. చిగుళ్ళలోని నారపోగులు లాగడం వల్ల కొన్ని వారాల్లో, నెలల్లో ఆ సందు దానంతటదే మూసుకుంటుంది. స్క్రూ తిప్పడం ఆపాక కూడా కొన్ని నెలలు దాన్ని నోట్లోనే ఉంచాలి, విడిపోయిన చోట కొత్త ఎముక నిండాలి కదా. తీసేస్తే వెనక్కి వచ్చేస్తుంది. అన్నట్టు మొదటి రోజుల్లో మాట కూడా తేడా వస్తుంది. చ, జ లని మన వ్యాకరణాలు తాలవ్యాలన్నాయి, అంటే అంగిట్లో పుట్టే అక్షరాలని. పుట్టే చోటే స్క్రూ అడ్డం పడితే 'చిలక' అనడానికి పిల్లాడు తంటాలు పడక ఏం చేస్తాడు? వారం పది రోజుల్లో నాలుక సర్దుకుంటుంది.

ముఖం సంగతి చూద్దాం. ఎక్కువ అతిశయోక్తి ఇక్కడే ఉంది. స్క్రూ ఎనిమిది మిల్లీమీటర్లు తెరిస్తే ఎముక ఎనిమిది విడిపోదు. అందులో సగమో, అంతకన్నా తక్కువో ఎముకది. మిగతాది పళ్ళు బయటికి ఒరగడం. ఆ విడిపోవడం కూడా త్రికోణంలా ఉంటుంది. పళ్ళ దగ్గర ఎక్కువ, పైకి ముక్కు వైపు వెళ్ళేకొద్దీ తక్కువ. ముఖం మీద కొలిస్తే ముక్కుపుటాల అడుగున సగటున ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా. నవ్వినప్పుడు పెదాల మూలల్లో కనబడే చీకటి కాస్త తగ్గొచ్చు. కింది దవడ తాత్కాలికంగా కొంచెం కిందకి జారి, ముఖం పొడుగైనట్టు కూడా అనిపించొచ్చు. అంతే. దవడ ఎముకలు చెక్కినట్టు రావడం, చెంపలు పైకి లేవడం లాంటివి ఈ కొలతల్లో లేవు. ఫోటోల్లో కనబడే "ముందు - తర్వాత" తేడాలో ఎక్కువ భాగం పిల్లాడు రెండేళ్ళు పెరగడం, లైటింగు, గడ్డం ఎత్తి పట్టుకోవడం.

పెళ్ళిచూపుల్లో ఎత్తుపళ్ళ గురించి మాట్లాడుకునే మన ఊళ్ళలో 'ముఖం మారుతుంది' అన్న మాటకి ఉన్న గిరాకీ నాకు తెలుసు. ఆడపిల్ల తల్లి ఆ మాట వింటే అప్పు చేసైనా వేయిస్తుంది. అందుకే ఆ మాట అనేవాళ్ళు కొంచెం ఆచి తూచి అనాలని నా అభిప్రాయం.

ఇక గాలి. ఇంజనీరింగ్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివినవాళ్ళకి పాయిసే సూత్రం గుర్తుండే ఉంటుంది. గొట్టంలో ప్రవాహం వ్యాసార్థం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. వ్యాసార్థం 10 శాతం పెరిగితే ప్రవాహం 46 శాతం పెరుగుతుంది. ఇది చూడగానే మిల్లీమీటరు కూడా చాలా పెద్ద మార్పే అనిపిస్తుంది. కానీ ముక్కు గుండ్రటి గొట్టం కాదు. అన్నిటికంటే ఇరుకు చోటు ముందు వైపు, మెత్తటి భాగం దగ్గర ఉంటుంది. లోపల వాచే పొరలుంటాయి. వెనకాల ఎడినాయిడ్స్ ఉంటాయి. మధ్యలో నేల వెడల్పు చేసినంత మాత్రాన వెనక ఉన్న తలుపు తెరుచుకోదు. కాలవ మధ్యలో ఎంత పూడిక తీసినా దిగువ లాకు మూసి ఉంటే నీళ్ళు పోతాయా?

కొలతలు కూడా అదే చెబుతున్నాయి. సగటున ముక్కులో అడ్డు తగ్గుతుంది, అది నిజం. కానీ మనిషికీ మనిషికీ చాలా తేడా. 1987లో వారెన్ బృందం కొలిచినప్పుడు ముక్కు దారి వెడల్పయినా సుమారు మూడోవంతు మందికి నోటి శ్వాస మానేంత మార్పు రాలేదు.

అయితే ముక్కు మూసుకుపోవడం దవడని మారుస్తుందన్న పాత మాట మాత్రం ఉత్తిది కాదు. స్వీడన్‌లో లిండర్-ఆరన్సన్ 1970లో ఎడినాయిడ్స్ ఉన్న పిల్లల దవడలు, ముఖాలు కొలిచి తేడాలు చూపించాడు. అమెరికాలో హార్వోల్డ్ కోతుల ముక్కులు సిలికాన్‌తో మూసి పెంచాడు (పాపం కోతులు). వాటి దవడలు, పళ్ళ వరస మారిపోయాయి. కానీ అన్నీ ఒకేలా మారలేదు. ఒక్కో కోతి ఒక్కో రకంగా నోరు తెరిచే ఉపాయం కనిపెట్టుకుంది, దాన్ని బట్టే ముఖం మారింది.

ఇక నిద్ర. 2004లో ఇటలీకి చెందిన పిరెల్లి బృందం, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉన్న 31 మంది పిల్లలకి ఈ స్క్రూ వేసింది. గంటకి సగటున 12 సార్లు ఊపిరికి అడ్డు పడేది ఒకటికి లోపు పడిపోయింది. అద్భుతమైన ఫలితమే. ఇప్పటి ప్రచారానికంతా మూలం ఇలాంటి ఫలితాలే. కానీ రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. వాళ్ళు ఎంచుకున్నది ఎడినాయిడ్స్, టాన్సిల్స్ పెరగని, దవడ ఇరుకుగా ఉన్న పిల్లల్ని. రెండోది, పోల్చి చూడటానికి వైద్యం చేయని పిల్లల గుంపు లేదు.

ఆ గుంపు ఎందుకంత ముఖ్యమో 2013లో వచ్చిన ఇంకో అధ్యయనం చూస్తే అర్థమవుతుంది. అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ళ మధ్య ఉన్న 464 మంది పిల్లల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి టాన్సిల్స్, ఎడినాయిడ్స్ తీసేశారు, ఇంకో గుంపుని ఊరికే గమనిస్తూ ఉన్నారు. ఏడు నెలలకి ఆపరేషన్ చేసినవాళ్ళలో 79 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలుగా వచ్చింది. ఏమీ చేయనివాళ్ళలో? 46 శాతం! అంటే దాదాపు సగం మందికి దానంతటదే సర్దుకుంది. పిల్లాడికి స్క్రూ వేసి ఏడు నెలల తర్వాత గురక తగ్గింది అంటే, ఆ పుణ్యం స్క్రూదో కాలానిదో ఒక్క పిల్లాణ్ణి చూసి చెప్పలేం. 2019లో అమెరికన్ ఆర్థోడాంటిస్టుల సంఘం కూడా తన నివేదికలో ఆచి తూచే మాట్లాడింది. జబ్బు నిర్ధారణ వైద్యులు చేయాలి, దవడకి అవసరం లేకుండా కేవలం నిద్ర జబ్బు కోసమో, అది రాకుండా ఆపడానికో ఈ పని చేయడం సరికాదు అని దాని సారాంశం.

వయసు ఇంకో చిక్కు. 1975లో మెల్సెన్ చేసిన పరిశీలనలతో అతుకు వయసుతో ఎలా ముడిపడుతుందో తెలిసింది. యౌవనం దాటాక మామూలు స్క్రూతో విడదీయడం కష్టం. పళ్ళు మాత్రం ఒరిగి, చిగుళ్ళు దెబ్బతినొచ్చు. పెద్దవాళ్ళకి ఆపరేషన్‌తో ఎముక కోసి వేసే పద్ధతి ఉంది. 2010లో కొరియా నుంచి వచ్చిన వ్యాసంతో, చిన్న చిన్న స్క్రూలు అంగిలి ఎముకలోకే దించి దాని ఆధారంగా విడదీసే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. నా వయసువాళ్ళకి, అంటే ఇరవైల చివర్లో ఉన్నవాళ్ళకి, వీడియోల్లో చూపిస్తున్నది చాలావరకు ఇదే. అది కొందరిలో పనిచేస్తుంది, అందరిలో కాదు. దవడ నిజంగా ఇరుకున్నవాళ్ళకి అది వైద్యం. అద్దం ముందు గంటలు గడిపే మా ఆఫీసు కుర్రాళ్ళకి కాదు.

ఇంగ్లండ్‌లో జాన్ మ్యూ, ఆయన కొడుకు మైక్ మ్యూ నాలుక అంగిలికి ఆనించి ఉంచితే ముఖం మారుతుందని, చిన్నపిల్లల దవడలు వెడల్పు చేస్తే పెరుగుదల దారి మారుతుందని చెబుతూ వచ్చారు. ఇంటర్నెట్టులో మైక్ మ్యూకి లక్షల్లో అభిమానులు. పిల్లలకి ఆయన చేసిన వైద్యంపై విచారణ జరిపి, దానికి తగిన ఆధారాలు లేవని, 2024 నవంబరులో అక్కడి జనరల్ డెంటల్ కౌన్సిల్ కమిటీ ఆయన పేరు రిజిస్టరు నుంచి తొలగించాలని నిర్ణయించింది. ఏంజెల్‌ని 1860లో అనుమానించినట్టే ఈయన్నీ అనుమానిస్తున్నారు అని అభిమానులంటారు. తేడా ఏంటంటే, ఏంజెల్ కాలంలో ఎక్స్‌రే లేదు. ఇప్పుడు ఎక్స్‌రే ఉంది, సీటీ ఉంది, నిద్ర పరీక్ష ఉంది. కొలవడానికి అన్నీ ఉన్నప్పుడు కొలిచి చూపించాల్సిన బాధ్యత చెప్పేవాడిదే.

మరి ఈ స్క్రూ వల్ల ఎలాంటి వివాదం లేని మేలు ఎవరికి? ఒకటి, మా వాడిలా పై పళ్ళు లోపలగా పడే పిల్లలకి. రెండు, గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లలకి. గ్రహణం నాడు కడుపుతో ఉన్న తల్లి ఏదో కోసిందని వాళ్ళని, వాళ్ళ అమ్మల్ని మనవాళ్ళు ఎన్ని మాటలన్నారో! చీలిన అంగిలిని కుట్టాక ఆ మచ్చ లాగేసి పైదవడ ఇరుకైపోతుంది. చిగురు దగ్గర ఎముక ముక్క అతికే ముందు చాలామందికి దవడని ఇలా వెడల్పు చేస్తారు. హైదరాబాద్‌లో డాక్టర్ గోస్లా శ్రీనివాస్ రెడ్డి లాంటి సర్జన్లు ఇలాంటి పిల్లల కోసమే ఏళ్ళ తరబడి పనిచేస్తున్నారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో కూడా మొర్రి ఉంది. అంటే అంగన్‌వాడీ, బడి స్థాయిలోనే ఆ పిల్లల్ని గుర్తించి పంపాలి. వీళ్ళ ముఖంలో, మాటలో, తినడంలో ఈ స్క్రూ తెచ్చే మార్పుకి వీడియోలు ఎవరూ తీయరు.

చివరికి బావగారికి చెప్పింది ఇదీ. ఇద్దరు డాక్టర్లూ సగం సగం కరెక్టే. పళ్ళు లోపలగా పడుతున్నాయి కాబట్టి, వయసు తొమ్మిదే కాబట్టి, దవడ వెడల్పు చేయడం అవసరమే, ఇదే సరైన వయసు కూడా. కానీ గురక వేరే ప్రశ్న, దానికి ముందు చెవి-ముక్కు-గొంతు డాక్టరు చూడాలి. ముఖం మారుతుందన్న మాట ఖర్చు లెక్కలోంచి తీసేయండి అన్నాను. ఏలూరులో చూపిస్తే ఎడినాయిడ్స్ బాగా పెరిగి ఉన్నాయని తేలింది. ముందు దాని సంగతి, తర్వాత స్క్రూ సంగతి అనుకున్నారు.

దూరం వెళ్ళక్కర్లేదు. ఏలూరు దగ్గర దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ దంత వైద్య కళాశాల ఉంది, భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీ ఉంది. మా అమ్మమ్మల కాలంలో పన్ను మీద పన్ను ఉంటే అదృష్టం అని సరిపెట్టుకునేవాళ్ళు, ఎందుకంటే వేరే దారి లేదు. ఇప్పుడు దారి ఉంది. లేనిదల్లా ఏ వయసులో ఏ తలుపు తట్టాలో చెప్పే మనిషి. ఆ అతుకు ఎవరి కోసమూ ఆగదు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే రాత్రి నిద్రపోయాక ఓ అయిదు నిమిషాలు పక్కన కూర్చుని చూడండి. నోరు తెరిచి ఉందా, గురక ఉందా, మధ్యలో ఊపిరి ఆగి మళ్ళీ ఎగబీలుస్తున్నాడా. చూసినదాన్ని ఫోన్లో వీడియో తీసి డాక్టరుకి చూపించండి. ఏ స్క్రూ వేయాలో, అసలు వేయాలో వద్దో ఆ తర్వాత సంగతి.